వెనకమ్మకు మేత

గస్తీ నమోదు: ఒకటి

ఇవాళ్టి నుంచి అంకెలతో పాటు మాటలు కూడా రాయమని చిదానందం గారు చెప్పారు. "అంకెలు బాగానే పంపుతున్నావు నిరుపమా. కానీ అక్కడ ఏదో జరుగుతోంది. అది అంకెల్లోకి రావడం లేదు. చూసింది చూసినట్టు రాయి," అన్నారు. ఆయన సిరిగట్టు నగర రద్దీ శాఖకి పెద్ద, భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. నేను అదే శాఖలో అల గస్తీ ఉద్యోగిని.

నా పని చెప్పడానికి సులువు. ఊరి చుట్టూ మూడు వరసల రింగురోడ్డు ఉంది. బండ్లన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. పదకొండేళ్ల కింద ఆ రోడ్డు మీద ఎవరో ఎందుకో బ్రేకు తొక్కారు. వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కాడు. వాడి వెనకవాడు పూర్తిగా ఆగిపోయాడు. మొదట తొక్కిన మనిషి తన దారిన తను వెళ్లిపోయి, ఇంట్లో అన్నం తిని పడుకుని ఉంటాడు. ఆ ఆగుడు మాత్రం ఆగలేదు. ముందున్న బండ్లు కదిలిపోతుంటే వెనకొచ్చేవి వచ్చి ఆగుతున్నాయి. అలా ఆ ఆగుడు ఒక అలలాగా, బండ్లకి ఎదురు దిక్కులో, పరిగెత్తే మనిషంత వేగంతో ఊరంతా తిరుగుతూనే ఉంది. అందులో ఏ బండీ ఉండిపోదు. చిక్కినవాళ్లు నాలుగు నిమిషాలు నిలబడి బయటపడతారు. అల మాత్రం ఉంటుంది. రోడ్డు పక్కన గస్తీ దారిలో స్కూటరు మీద దానితో సమానంగా పోతూ, అది ఎంత పొడుగుందో, ఎంతసేపు ఆపుతోందో రాసుకోవడం నా ఉద్యోగం. మూడు గంటలకోసారి ఊరు చుట్టి వస్తాం, అదీ నేనూ.

శాఖ కాగితాల్లో దాని పేరు స్థిర ఆగుడు తరంగం. ఊళ్లో జనానికి అది వెనకమ్మ.

వెనకమ్మ వచ్చినప్పుడే బడిపిల్లలు రోడ్డు దాటుతారు. మిగతా వేళల్లో దాటడం కుదరదు. ముసలివాళ్లు వెనకమ్మని చూసి మాత్రలు వేసుకుంటారు. పెళ్లి పత్రికల్లో "రెండవ వెనకమ్మ దాటిన పిమ్మట" అని ముహూర్తం వేస్తారు. గాజులబజారు వంతెన కింద ఒక రాయి నిలబెట్టి పసుపు రాశారు. కళ్లూ ముక్కూ ఆవలి వైపు చెక్కారు కాబట్టి దణ్ణం పెట్టుకునేవాళ్లకి ఆవిడ వీపే కనిపిస్తుంది.

ఒకప్పుడు తమంతట తాము నడిచే బండ్లు తెప్పించి చూశారు. అవి చాలా మర్యాదస్తులు. రింగురోడ్డు ఎక్కే దారి మొదట్లోనే ఆగి, వచ్చేపోయేవాళ్లందరికీ దారి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ అక్కడే వరసగా నిలబడి దారి ఇస్తున్నాయి. వాటి మీద కోళ్లు పడుకుంటాయి.

ఇవాళ అల ఆపిన సమయం ఆరు నిమిషాలు. నాలుగు కాదు. చిదానందం గారికి చెప్పాను. ఆయన కాఫీ తాగడం మానేసి కిటికీలోంచి రోడ్డు వైపు చాలాసేపు చూశారు.

గస్తీ నమోదు: రెండు

తొమ్మిది నిమిషాలు.

గస్తీ దారిలో నాతో పాటు తిరిగే మనిషి ఇంకొకావిడ ఉంది. పేరు సైదమ్మ. బ్యాటరీ బండి మీద పొయ్యి పెట్టుకుని మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. వెనకమ్మతో సమానంగా బండి తోలుతూ, ఆగి ఉన్న కార్ల కిటికీల్లోకి పొట్లాలు విసురుతుంది. గురి తప్పదు. డబ్బులు ఫోన్లో పడతాయి. ఆరేళ్ల నుంచి ఇదే వ్యాపారం. నేను ఉద్యోగంలో చేరిన రోజు నా ఒళ్లో కూడా ఒక పొట్లం పడేసింది. అడక్కుండానే స్నేహమైపోయింది.

ఇవాళ ఆవిడ పిండి అయిపోయి మధ్యలో ఆగింది. "ఏందమ్మాయ్, మా తల్లి ఒళ్లు చేసినట్టుంది? మునుపు నా గిన్నె పిండి ఒక చుట్టుకి సరిపోయేది," అంది.

సాయంత్రం చిదానందం గారు బల్ల మీద పప్పుబెల్లాలు పరిచి నాకు వివరించారు. అల బతికేది మేత మీద. వెనకనుంచి వచ్చే బండ్లు దాని మేత. ముందునుంచి బండ్లు ఎంత చురుగ్గా కదిలిపోతే అది అంత సన్నగా ఉంటుంది. కదలడంలో ఒక్కొక్కరూ రెండు క్షణాలు ఆలస్యం చేసినా చాలు, వచ్చేవి ఎక్కువై పోయేవి తక్కువై అది లావెక్కుతుంది.

"ఎందుకు ఆలస్యం చేస్తున్నారంటారు?" అని అడిగాను.

ఆయన ఒక పప్పుబెల్లం నోట్లో వేసుకుని చేతులు తుడుచుకున్నారు. "చేతికి నూనె అంటుకుంటే స్టీరింగు పట్టుకోరు కదా. ముందు తుడుచుకుంటారు."

ఆయన బల్ల సొరుగులో కూడా సైదమ్మ పొట్లం కాగితాలు ఉన్నాయని నాకు తెలుసు.

"ఇలాగే పెరిగితే?"

"పెరిగి పెరిగి దాని తల దాని తోకని అందుకుంటుంది. రోడ్డంతా ఒకటే ఆగుడు. ఆ తర్వాత ఏ బండికీ ముందు ఖాళీ ఉండదు కాబట్టి ఏదీ కదలదు. పాలు బయటినుంచి వస్తాయి, ఆసుపత్రి లోపలుంది. ఊరు డబ్బాలో పెట్టి మూతేసినట్టు అవుతుంది."

గస్తీ నమోదు: మూడు

బజ్జీలు అమ్మడం ఆపమన్న శాఖ ఉత్తర్వు నేనే సైదమ్మకి ఇచ్చాను. బండి తోలుతూనే చదివించుకుని వింది. తిట్టలేదు. పొయ్యి ఆర్పి, మూకుడు మీద మూత పెట్టింది.

"నువ్వేం చేత్తావులే అమ్మాయ్, నీ ఉద్యోగం నీది," అంది. ఆ మాటకన్నా తిట్టినా బాగుండేది.

మూడు రోజులు గడిచాయి. బజ్జీలు లేవు. బజ్జీలు లేక, చెయ్యడానికి ఏమీ లేక, ఆగిన కార్లలో జనం నిద్రపోవడం మొదలుపెట్టారు. ముందు బండి కదిలినా లేవరు. స్కూటరు దిగి అద్దాలు తట్టి నేనే లేపుతున్నాను. ఒకాయన లేచి, "ఎవరు మీరు? ఏ ఊరు వచ్చింది?" అని అడిగాడు.

ఇరవై రెండు నిమిషాలు.

ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. సైదమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. అల మాత్రం తగ్గలేదు.

గస్తీ నమోదు: నాలుగు

చిదానందం గారి కొత్త పథకం చాలా సులువైనది. ఒక బండి చాలు. దాని ముందు చాలా ఖాళీ వదిలి, బ్రేకు తొక్కకుండా, ఒకే నిదానపు వేగంతో పోవాలి. దాని వెనకున్నవాళ్లంతా అదే నిదానంతో వస్తారు. అలకి మేత తగ్గుతుంది. మనం దాని తోక దాకా చేరేలోగా తల వైపునుంచి బండ్లు ఖాళీ అయిపోయి తోక కరిగిపోతుంది. లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు.

ఆ బండి నేను నడిపాను. శాఖ వాళ్ల మూడు చక్రాల ఆటో, వెనక "శాంతి వాహనం" అని రాయించారు.

పాలకేంద్రం దగ్గర రోడ్డెక్కి ముందు ఖాళీ వదిలాను. ఆ ఖాళీలోకి మొదట ఒక ఆటో దూరింది. నేను ఇంకా నిదానించి మళ్లీ ఖాళీ వదిలాను. బ్యాండుమేళం వ్యాను దూరింది. మళ్లీ వదిలాను. స్కూటరు మీద తలుపు రెక్క పెట్టుకుని పోతున్న ఒకాయన, వెనక కూర్చున్న భార్య ఆ తలుపుని పట్టుకుని ఉండగా, నా ముందుకొచ్చి వెనక్కి తిరిగి చూశాడు. "అంత జాగా ఎందుకమ్మా నీకు? చాపేసుకుంటావా?" అన్నాడు.

"అల తగ్గడానికండీ," అన్నాను.

"నేనొక్కణ్ణి దూరితే పెరుగుతుందా?" అన్నాడు. అతని వెనక ఇంకో నలుగురు అదే మాట అంటూ దూరారు.

ఒక చుట్టు పూర్తయ్యేసరికి నేను బయల్దేరిన చోటుకన్నా వెనక ఉన్నాను. ఇది ఎలా సాధ్యమో చిదానందం గారు కూడా చెప్పలేకపోయారు.

గస్తీ నమోదు: ఐదు

ఒక్క బండి చాలదు, మూడు వరసల్లో మూడు బండ్లు పక్కపక్కనే సమంగా పోతే ఎవరూ దాటలేరని తేలింది. ఊరి పరిస్థితి చూసి సాక్షాత్తూ కమిషనర్ గారే ఒక బండి నడుపుతానన్నారు. రెండోది డిప్యూటీ కమిషనర్ గారు. మూడోది చిదానందం గారు. నేను గస్తీ దారిలో స్కూటరు మీద చూస్తూ వచ్చాను.

బయల్దేరిన కాసేపటికి కమిషనర్ గారి బండి ఒక మూర ముందుకెళ్లింది. పెద్దవారు కాబట్టి సహజం. డిప్యూటీ గారు కమిషనర్ గారి తర్వాతి స్థానంలో ఉండాలి కాబట్టి చిదానందం గారికన్నా ఒక మూర ముందుకెళ్లారు. చిదానందం గారు పాపం లెక్క ప్రకారం సమంగా ఉండాలని ఆయన కూడా ముందుకొచ్చారు. తన కింది ఉద్యోగి తనతో సమానంగా రావడం చూసి డిప్యూటీ గారు వేగం పెంచారు. డిప్యూటీ తనని అందుకుంటున్నాడని కమిషనర్ గారు పెంచారు. నీళ్లట్యాంకు మలుపు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ పందెంలో ఉన్నట్టు పోతున్నారు. మలుపులో కమిషనర్ గారు భయపడి బ్రేకు తొక్కారు.

ఆ బ్రేకు వెనక్కి పోయింది. పోతూనే ఉంది.

ఇప్పుడు రోడ్డు మీద రెండు అలలున్నాయి.

గస్తీ నమోదు: ఆరు

వెనకమ్మకి పిల్ల పుట్టిందని ఊరంతా సంబరం. గాజులబజారు వంతెన కింద రాయి పక్కన చిన్న ఉయ్యాల కట్టి బారసాల చేశారు. మధ్యాహ్నం పిల్ల అల ఆ వంతెన మీదుగా పోతున్నప్పుడు ముత్తయిదువులు అక్షింతలు వేశారు. కార్ల మీద పడ్డాయి. చిన్న వెనకమ్మ అని పేరు పెట్టారు. కమిషనర్ గారిని తండ్రి స్థానంలో కూర్చోమని అడగడానికి వెళ్లినవాళ్లని ఆయన కలవలేదట.

చిదానందం గారు బారసాలకి రాలేదు. ఆఫీసులో లెక్క వేస్తూ కూర్చున్నారు. నేను వెళ్లేసరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చిన్న అలలు త్వరగా నడుస్తాయి నిరుపమా. పిల్ల తల్లిని అందుకుంటుంది. రెండూ కలిసిపోతే రోడ్డంతా ఒకటే అల. శుక్రవారం లోపే."

"ఆపలేమా?"

"మనుషుల్ని ఇసుక రేణువుల్లాగా, నీళ్లలాగా లెక్క కడతాం. నీళ్లకి పక్క నీళ్లకన్నా ముందుండాలని ఉండదు. అదొక్కటే తేడా." చిన్న గొంతుతో అన్నారు, "నా డాక్టరేటు దాని మీదే. దాని జాతకం మొత్తం నా దగ్గరుంది. నాకే దాన్ని చంపాలని లేదు. అలాగని ఊరిని చంపలేం కదా."

గస్తీ నమోదు: ఏడు

ఇవాళ అల తోక దగ్గరనుంచి తల దాకా స్కూటరు మీద పోవడానికే పొద్దు సగం పట్టింది. లోపలివాళ్లు గంటల తరబడి నిలబడి ఉన్నారు. పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఒక తల్లి కారు బానెట్ మీద పాల సీసా పెట్టి ఎండకి వెచ్చబెడుతోంది.

సైదమ్మ పొయ్యి వెలగడం లేదు. బండి నిండా నీళ్ల డబ్బాలున్నాయి. కిటికీ కిటికీకీ నీళ్లు పోస్తోంది. విసరడం లేదు, ఆగి పోస్తోంది.

"బజ్జీలేవి పిన్నీ?"

"కొనేవాళ్లు పోయి అడుక్కునేవాళ్లు మిగిలారమ్మాయ్. ఇది మునుపటి వెనకమ్మ కాదు. ఆమె నాలుగు నిమిషాలు కూసోబెట్టి పంపేది. ఇది కూసోబెట్టి లేవనియ్యట్లా."

అల తలకి ముందు, ఇంకా కాస్త రోడ్డు ఖాళీగా ఉన్న చోట, అప్పుడే కనిపించింది. ఇద్దరు ఆటోవాళ్లు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. ఒకడు నవ్వుతున్నాడు, ఇంకొకడు చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఇద్దరి ముందు చక్రాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. ముందు బోలెడంత ఖాళీ. వెనక పది బండ్లు హారన్లు కొడుతున్నాయి. వాళ్లకి వినపడటం లేదు. ఒకడు ముందుకెళ్తే కబురు తెగిపోతుంది. అందుకని ఎవడూ ముందుకెళ్లడు, వెనకపడడు, బ్రేకు తొక్కడు.

ఇలాంటివాళ్లని రోజూ చూసి రోజూ తిట్టుకున్నదాన్నే. స్కూటరు ఆపి చిదానందం గారికి ఫోన్ చేశాను.

చూసింది చూసినట్టు చెప్పాను. అంతా విని ఆయన అన్నారు, "కబురు చాలదు నిరుపమా. కబురు గంటలో అయిపోతుంది. మనకి రోజంతా అయిపోనిది కావాలి."

సైదమ్మ పక్కనే ఉంది, ఫోన్లో మాట విన్నది. నీళ్ల డబ్బా కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"రోజంతా అయిపోంది నా దగ్గరొకటుంది," అంది. "మా తోడికోడలు పోలమ్మ. ఆమెకీ నాకూ తొమ్మిదేళ్ల నించి మాటల్లేవు."

"మాటల్లేకపోతే ఎలా పిన్నీ?"

"ఎదురుపడితే ఉంటయ్యిలే. దాచిపెట్టుకున్నా."

నేను ఒక మాట దాచకుండా చెప్పాను. "పిన్నీ, అల పోతే నీ వ్యాపారం పోతుంది. శాఖ తర్వాత ఏదో ఇస్తుందని నేను మాటివ్వలేను."

"నువ్విత్తావని నేను అడిగానా?" అంది. "ఆ బానెట్ మీద పాలు చూడు. విరిగిపోయినయ్యి."

గస్తీ నమోదు: ఎనిమిది

పోలమ్మ గారిది రాతిబండ గేటు దగ్గర టిఫిన్ బండి. సొంత ఆటో కూడా ఉంది, కూరగాయలు తెచ్చుకోవడానికి. నేను విషయం చెప్పి, పక్క వరసలో సైదమ్మ ఉంటుందనగానే అట్లకాడ బల్ల మీద కొట్టింది.

"ఆమె ఉన్న రోడ్డు మీద నేనెక్కను."

"మీరు మాట్లాడక్కర్లేదండీ. మధ్య వరసలో నేనుంటాను. చెప్పాల్సింది నాకు చెప్పండి."

పోలమ్మ గారు ఆలోచించింది. "ఏదైనా చెప్పొచ్చా?"

"ఏదైనా."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైతే అంత మంచిది."

అట్లకాడ పక్కన పెట్టి, ఆటో తాళం కోసం బొడ్లో వెతుక్కుంది.

గస్తీ నమోదు: తొమ్మిది

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎక్కే దారులన్నీ పోలీసులు తాళ్లు కట్టి మూసేశారు. రెండు అలల మధ్య మిగిలిన ఖాళీలో మూడు ఆటోలు పక్కపక్కనే రోడ్డెక్కాం. ఎడమ వరసలో సైదమ్మ, నడిమిలో నేను, కుడి వరసలో పోలమ్మ గారు. మూడింటికీ తలుపుల్లేవు. ఒకే వేగం, నిదానం. ఎవరు బ్రేకు తొక్కినా మా వెనక ఇంకో అల పుడుతుందని ముగ్గురికీ చెప్పారు చిదానందం గారు. ఆయన గస్తీ దారిలో నా స్కూటరు మీద తిరుగుతూ ఫోన్లో రెండు అలల పొడుగూ చెబుతున్నారు.

మొదట ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. వెనక హారన్లు హోరెత్తుతున్నాయి. ఎవరూ నోరు విప్పకపోయేసరికి సైదమ్మ బండి మెల్లగా ముందుకి జరగడం మొదలైంది.

"పోలమ్మ గారూ, ఏదైనా చెప్పండి!" అన్నాను.

"ఆమెని అడుగమ్మా," అంది పోలమ్మ గారు రోడ్డు వంకే చూస్తూ, "మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి అన్నం తినకుండా ఎందుకు పోయిందో అడుగు."

సైదమ్మ బండి వెనక్కి తగ్గి సమంగా వచ్చింది. "ఆమెకి చెప్పమ్మాయ్. ఇంటి పెద్దకోడల్ని రెండో పంక్తిలో కూసోమన్నారు. సాంబారు కూడా పల్చనైపోయిన పంక్తి. కుక్కలక్కూడా అంతకన్నా ముందే పెట్టారు."

"ఏ కుక్కకి పెట్టాం? పేరు చెప్పమను!"

ఇక నేను అడగాల్సిన అవసరం రాలేదు. ఒకరి మాట ఒకరికి అందిస్తూ మధ్యలో నేను, తల అటూ ఇటూ తిప్పుతూ. ఓణీల ఫంక్షన్ నుంచి అత్తగారి జబ్బుకి, జబ్బు నుంచి ఎవరెవరు ఎన్ని రాత్రులు కాపలా ఉన్నారన్నదానికి, అక్కడినుంచి ఇత్తడి బిందెకి వెళ్లారు. ఇత్తడి బిందె దగ్గరే ఒక చుట్టు పూర్తయింది; మేం చేరేలోపే అల తోక కరుగుతూ ముందుకి జరిగిపోతోంది. ఎవరి చక్రమూ జానెడు అటూ ఇటూ కాలేదు. మాట వినపడదని.

రెండో చుట్టులో గమనించాను, వెనక హారన్లు లేవు. మా వెనక వరసలో ఉన్న కార్లవాళ్లు అద్దాలు దించి వింటున్నారు. విన్నది తల బయటపెట్టి వాళ్ల వెనకవాళ్లకి చెబుతున్నారు. వాళ్లు వాళ్ల వెనకవాళ్లకి. తగవు బండి నుంచి బండికి వెనక్కి పాకింది. మాటలు అందాలని అందరూ ఒకే దూరంలో, ఒకే వేగంతో వస్తున్నారు. ఎడమ వరసంతా సైదమ్మ వైపు, కుడి వరసంతా పోలమ్మ గారి వైపు అయిపోయారు. నా వరసలోవాళ్లు ఎటూ తేల్చుకోలేకపోయారు. ఒకాయన కార్లోంచి అరిచాడు, "బిందె ఎవరి పుట్టింటిదో ముందు తేల్చండమ్మా!"

"పిల్ల అల పోయింది," అని ఫోన్లో చిదానందం గారి గొంతు. "నిరుపమా, చిన్నది కరిగిపోయింది. పెద్దది సగమైంది. ఇంకా కానివ్వండి."

మూడో చుట్టులో పోలమ్మ గారి గొంతు మారింది.

"విస్తరేశానని చెప్పు," అంది. ఈసారి అరవలేదు. "మొదటి పంక్తిలోనే, నా పక్కనే, ఆమె కోసం విస్తరేసి నీళ్లు కూడా చిలకరించి కూర్చున్నా. నెయ్యి కోసమని లేచి వెళ్లొచ్చేసరికి ఎవడో వచ్చి కూర్చుని పప్పు కలుపుకుంటున్నాడు. ఖాళీ కనపడితే దూరడమే గదా మనూళ్లో. తినేవాణ్ణి చెయ్యి పట్టుకుని లేపమంటారా? అక్క వంటింట్లోంచి వచ్చేసరికి అదీ సంగతి. చెప్పేలోపే చెప్పులేసుకుంది."

నేను సైదమ్మ వైపు తిరిగాను. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఆ సంగతి తొమ్మిదేళ్ల నించి ఎందుకు చెప్పలా?" అంది సైదమ్మ. నాతో కాదు. నా మీదుగా, సూటిగా.

"నువ్వు మొహం చూస్తే గదక్కా చెప్పేది. బావ పోయినప్పుడు వచ్చా. గుమ్మంలో పొద్దంతా కూర్చున్నా. నువ్వు గోడ వైపు తిరిగే ఉన్నావు."

"నువ్వు తిన్నావా ఆ రోజు?"

"ఏ రోజు?"

"ఓణీల రోజే."

"నీ విస్తరి వాడు తింటుంటే నాకెట్టా దిగుద్దక్కా? ఆఖర్న మిగిలిన పెరుగన్నం పిల్లకి పెట్టి పడుకున్నా."

సైదమ్మ మొహం ముడుచుకుపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, రోడ్డు కనిపించడం లేదని తెలుస్తూనే ఉంది. పోలమ్మ గారు కూడా ఏడుస్తోంది. సైదమ్మ కుడికాలు పక్కకి జరగడం చూశాను. బ్రేకు మీదికి వెళ్తోంది.

"పిన్నీ!" అని అరిచాను. "ఏడువు! ఎంతైనా ఏడువు! బ్రేకు తొక్కొద్దు!"

"దానికి బొట్టు చెదిరిందమ్మాయ్, తుడుద్దామని..."

"తర్వాత తుడువు! కాలు తియ్యి!"

వెనకనుంచి కూడా అందుకున్నారు. "తొక్కొద్దమ్మా! తొక్కొద్దు!" అని మొదటి వరస అరిచింది, తర్వాత రెండో వరస. ఆ అరుపు వెనక్కి పోతూ పోతూ చిన్నదైంది. సైదమ్మ కాలు వెనక్కి తీసుకుంది. బండి ఒక్కసారి ఊగి మళ్లీ సమమైంది.

అప్పుడే నీళ్లట్యాంకు మలుపు తిరిగాం. అల తోక అక్కడ ఉండాలి. ఎర్ర లైట్ల కోసం చూశాను. రోడ్డు మీద ఏమీ లేదు. ముందున్న బండ్లు దూరంగా, తమ మానాన తాము పోతున్నాయి.

ఫోన్లో చిదానందం గారు ముక్కు చీదుకోవడం వినిపించింది. "పోయింది," అన్నారు. "పదకొండేళ్లు, నిరుపమా."

ఇద్దరికీ చెప్పాను. విన్నట్టు లేరు. పోలమ్మ గారు కూతురి అత్తగారి సంగతి మొదలుపెట్టింది, సైదమ్మ "అట్టాగా!" అంటోంది. ఇంకో చుట్టు తిరిగితేగాని ఆపలేదు.

గస్తీ నమోదు: పది

నా ఉద్యోగం రద్దయింది. వచ్చే వారం నుంచి నీటి సరఫరా శాఖలో పైపుల గస్తీ. ఇది ఆఖరి నమోదు, చిదానందం గారు రాయమన్నారని రాస్తున్నాను.

ఊరికి ఇంకా అలవాటు కాలేదు. పిల్లలు రోడ్డు దాటడానికి వంతెనలు కడతామంటున్నారు. ముసలివాళ్లు మాత్రలు మర్చిపోతున్నారు. గాజులబజారులో ఎవరో రాయిని తిప్పి నిలబెట్టబోతే, తిప్పకూడదని ఇంకెవరో గొడవపడ్డారు.

రాతిబండ గేటు దగ్గర పోలమ్మ గారు తన బండి సగం జరిపి సైదమ్మకి చోటు ఇచ్చింది. ఇవాళ పొద్దున చూడ్డానికి వెళ్లాను. పాపం సైదమ్మకి ఒక చోట నిలబడటం చేతకావడం లేదు. నేల కదలడం లేదని తల తిరుగుతోందట. పొయ్యికి ఎదురుగాలి లేక రెండు మూకుళ్లు మాడ్చింది. పక్కన పోలమ్మ గారు మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి, "కూర్చో అక్కా, నేను చూస్తా," అంటోంది. సైదమ్మ వినడం లేదు.

లారీ దిగి ఒక డ్రైవరు వచ్చాడు. పొట్లం తీసుకుని బండి పక్కనే నిలబడి తినడం మొదలుపెట్టాడు. సైదమ్మ అట్లకాడ పట్టుకుని అతన్నే చూస్తోంది. అతను మొదటి బజ్జీ కొరికాడు, కారానికి నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు, రెండోది తిన్నాడు, కాగితంలో మిగిలిన ఉల్లిపాయ ముక్కలు కూడా ఏరుకుని తిన్నాడు. వేళ్లు నాకాడు.

"ఏందక్కా అట్టా చూస్తున్నావు?" అంది పోలమ్మ గారు.

"ఎప్పుడూ చూళ్లేదే," అంది సైదమ్మ. "ఇసిరేదాన్ని, నేనటు పోయేదాన్ని. తింటన్నారో పారేత్తన్నారో ఏనాడూ తెలియలా."

డ్రైవరు కాగితం ఉండచుట్టి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ముందుకొచ్చాడు.

"ఇంకొకటి కట్టమ్మా," అన్నాడు.

సైదమ్మ కట్టలేదు. అతని చేతిలోంచి ఉండ చుట్టిన కాగితం తీసుకుని, బల్ల వైపు చూపించింది. "కూర్చో నాయనా," అంది. "వేడిగా వేసిస్తా."